మందు ఆపేశాడా, వేసుకుంటున్నాడా: ఒక నర్సు ఇంగ్లీషులో ‘యూస్డ్ టు’ కేస్ స్టడీ

ఈ కేసు ఒక స్టాఫ్ నర్సుది. సొంత ఊరు కడప జిల్లాలో. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ తర్వాత జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా. బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జికల్ వార్డులో కొన్నేళ్లుగా పనిచేస్తోంది, బీటీఎం లేఅవుట్‌లో పీజీ హాస్టల్లో ఉంటోంది. యూకేలో ఉద్యోగం కోసం ఓఈటీ ఒకసారి రాసింది. ఓఈటీ అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టిన ఇంగ్లీషు పరీక్ష. లిజనింగ్, రీడింగ్ గట్టెక్కింది. స్పీకింగ్‌లో 330, రైటింగ్‌లో 280 వచ్చాయి. యూకేలో నర్సులను రిజిస్టర్ చేసే ఎన్‌ఎంసీకి స్పీకింగ్‌లో 350, రైటింగ్‌లో 300 కావాలి. రెండింటిలోనూ కొద్దిలో పోయింది. అప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

నేను బెంగళూరులో తెలుగు, కన్నడ నర్సులకు ఓఈటీ ఇంగ్లీషు చెప్తాను. ‘యూస్డ్ టు’ తప్పులు ప్రతి బ్యాచ్‌లోనూ వస్తాయి. ఈ కేసును విడిగా రాయడానికి కారణం, తప్పు ఎక్కడ పుడుతోందో ఇందులో చాలా స్పష్టంగా బయటపడింది. అది ‘యూస్డ్ టు’ దగ్గర పుట్టడం లేదు. అందుకే ‘యూస్డ్ టు’ ఎంత నేర్పినా పోవడం లేదు.

వార్డులో జరిగింది

మొదటి రోజు మాటల మధ్యలో ఆమె ఒక సంగతి చెప్పింది. హెర్నియా ఆపరేషన్ కోసం ఒక పెద్దాయన అడ్మిట్ అయ్యాడు. మత్తు డాక్టరు వచ్చి, పేషెంట్ రోజూ ఏ మందులు వేసుకుంటాడని అడిగారు. ఈమె ఫైల్ చూసి చెప్పింది: “సర్, హీ యూస్డ్ టు టేక్ క్లోపిడోగ్రెల్.”

ఆయన రాసుకుంటూనే అడిగారు: “ఓకే. వెన్ డిడ్ హీ స్టాప్?”

“నో సర్, హీ డిడ్ నాట్ స్టాప్. ఈవెన్ దిస్ మార్నింగ్ హీ టుక్.”

క్లోపిడోగ్రెల్ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. ఆపరేషన్‌కి ముందు ఆపాలా, ఆపితే ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నది డాక్టర్లు చాలా జాగ్రత్తగా తేల్చుకునే విషయం. వెన్నులో మత్తు ఇవ్వాలంటే మరీ ముఖ్యం. ఆ రోజు డాక్టరు ఎదురు ప్రశ్న వేశారు కాబట్టి సంగతి అక్కడికక్కడే తేలింది. ‘పాత మందు, మానేశాడు’ అని రాసుకుని వెళ్లిపోయినా ఆయన తప్పు లేదు. ఆమె చెప్పిన వాక్యానికి అర్థం అదే.

ఆమె మాత్రం దీన్ని భాష సమస్యగా చూడలేదు. “ఆయన హడావిడిలో ఉన్నారు మేడం, సరిగ్గా వినలేదు” అంది.

పరీక్షలో మార్కుల కన్నా నాకు ఇదే ముఖ్యమనిపించింది. ఇంగ్లీషులో ‘హీ యూస్డ్ టు టేక్’ అంటే ‘వేసుకునేవాడు’. ఒకప్పుడు, ఇప్పుడు కాదు. ఆమె చెప్పదలచుకున్నది ‘వేసుకుంటుంటాడు’. వ్యాకరణం లెక్కన చూస్తే ఆ వాక్యంలో తప్పేమీ లేదు. అందుకే అది ప్రమాదం. ‘హీ ఆర్ టేకింగ్’ అని ఉంటే వినేవాడు ఆగి మళ్లీ అడుగుతాడు. ఏ తప్పూ లేని వాక్యం తప్పు అర్థాన్ని మోసుకొస్తే ఎవరూ ఆగరు.

ఏం తెలుసు, ఏం రావడం లేదు

ఇలాంటి కేసు రాగానే చాలామంది టీచర్లు మూడు వరుసల పట్టిక వేస్తారు. ‘యూస్డ్ టు’ (ఒకప్పుడు చేసేవాడు) ఒక వరుస, ‘బీ యూస్డ్ టు’ (అలవాటై ఉండటం) ఒక వరుస, ‘గెట్ యూస్డ్ టు’ (అలవాటు పడటం) ఒక వరుస. ఈమె దగ్గర ఆ పట్టిక అప్పటికే ఉంది, నోట్స్‌లో మూడు రంగుల పెన్నులతో నీట్‌గా వేసుకుంది. కాబట్టి ముందు ఖాళీలు పూరించే పేపర్ ఇచ్చాను. ఒకటీ అరా తప్ప అన్నీ కరెక్ట్. ‘ఐ యామ్ యూస్డ్ టు’ తర్వాత ‘వర్కింగ్’ రావాలని తెలుసు. ‘యూస్డ్ టు’ తర్వాత మామూలు క్రియ రావాలని తెలుసు. ‘డిడ్’ వస్తే ‘యూస్డ్’లో చివరి ‘డీ’ పోతుందని కూడా తెలుసు.

తర్వాత మూడు పనులు చేయించాను. ఒకటి, షిఫ్ట్ మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్‌లాగా ఒక ఊహా పేషెంట్ గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పడం. రెండు, ఓఈటీ తరహా రోల్‌ప్లే. మూడు, కేస్ నోట్స్ చూసి రెఫరల్ లెటర్, అంటే పేషెంట్‌ను ఇంకొకరికి అప్పగిస్తూ రాసే ఉత్తరం రాయడం. మొదటి రెండూ రికార్డు చేసి, ఇద్దరం కూర్చుని మాట మాటా కాగితం మీద పెట్టాం.

హ్యాండోవర్‌లో ప్రస్తుతం వాడే మందులన్నీ ‘యూస్డ్ టు టేక్’ అయిపోయాయి. రోల్‌ప్లేలో ‘ఐ యామ్ యూస్డ్ టు వర్క్ విత్ డయాబెటిక్ పేషెంట్స్’ అంది, ఖాళీల్లో సరిగ్గా పూరించిన వాక్యం లాంటిదే. ‘యూ విల్ యూస్డ్ టు దిస్’ అని ‘గెట్’ను మింగేసింది. ‘ఆర్ యూ ఫెమిలియర్ టు ఇన్సులిన్ పెన్?’ అని అడిగింది. లెటర్‌లో ఇంకా పెద్ద పొరపాటు దొర్లింది. నోట్స్‌లో పేషెంట్ రోజుకు పది సిగరెట్లు తాగుతాడని ఉంటే, ‘హీ యూస్డ్ టు స్మోక్ టెన్ సిగరెట్స్ ఎ డే’ అని రాసింది. లెటర్ చదివే డాక్టరుకు పేషెంట్ సిగరెట్లు మానేసినట్టే లెక్క.

‘ఎస్’ భయం

ఆ కాగితాల మీద ప్రతి ‘యూస్డ్ టు’ కిందా గీత పెట్టమన్నాను. తర్వాత దాని ముందు కర్త ఎవరో చుట్టమన్నాను. చుట్టాక చూస్తే దాదాపు అన్నీ ‘హీ’, ‘షీ’, ‘ది పేషెంట్’, ‘హిజ్ వైఫ్’. తన గురించి చెప్పేటప్పుడు ఎక్కడా తడబాటు లేదు. ‘ఐ చెక్ బీపీ ఫస్ట్, దెన్ ఐ చెక్ షుగర్’ అని హాయిగా సింపుల్ ప్రెజెంట్‌లో చెప్పుకుంటూ పోయింది. క్రియ చివర ‘ఎస్’ పెట్టాల్సిన చోటికి రాగానే ‘యూస్డ్ టు’ దిగుతోంది.

ఎందుకని అడిగితే, ఆమె చెప్పిన జవాబే ఈ కేసుకు తాళం చెవి. “హీ టేకా, హీ టేక్సా అని ఆలోచించే టైమ్ ఉండదు మేడం. యూస్డ్ టు అంటే ఎవరికైనా ఒకటే కదా.”

నిజమే. ‘యూస్డ్ టు’ కర్తను బట్టి మారదు. ‘ఐ’కైనా, ‘హీ’కైనా, ‘దే’కైనా అదే రూపం. పదో తరగతిలో ‘ఎస్’ మర్చిపోయి తిట్లు తిన్న పిల్లకు అది దాక్కోవడానికి భద్రమైన చోటు.

దీనికి ఇంకో రెండు కారణాలు తోడయ్యాయి. తెలుగులో ‘వేసుకుంటాడు’ అంటే రోజూ వేసుకుంటాడని కావచ్చు, రేపు వేసుకుంటాడని కావచ్చు. రోజూ అని గట్టిగా చెప్పాలంటే ‘వేసుకుంటుంటాడు’, ‘వేసుకుంటూ ఉంటాడు’ అంటాం. ఆ చెవితో వింటే ఇంగ్లీషు ‘హీ టేక్స్’ బోసిగా ఉంటుంది, రోజూ అన్న సంగతి అందులో ఉందనిపించదు. అదీగాక బడిలో ‘యూస్డ్ టు అంటే అలవాటు’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అలవాటంటే రోజూ చేసేది. ఇక రోజూ వేసుకునే మాత్రకు ‘యూస్డ్ టు’ కాక ఇంకేం వస్తుంది?

మూడోది, చుట్టూ వినపడే ఇంగ్లీషు. వార్డులో మలయాళం, తమిళం, కన్నడం, హిందీ, తెలుగు మాట్లాడేవాళ్లంతా కలిసి పనిచేస్తారు, మధ్యలో ఇంగ్లీషు. అందులో ‘డాక్టర్ యూస్డ్ టు కమ్ ఎట్ నైన్’ అంటే రోజూ తొమ్మిదికి వస్తారనే అర్థం చేసుకుంటారు. భారతీయ ఇంగ్లీషు మీద రాసినవాళ్లు ఈ వాడుకను ఎప్పుడో గుర్తించారు. సింగపూర్ వైపు కూడా ఇలాంటి వాడుక ఉంది. తమలో తాము మాట్లాడుకున్నంతసేపు దీనివల్ల ఇబ్బంది లేదు, దీన్ని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. కానీ ఆమె వెళ్లాలనుకుంటున్న చోట ఆ వాక్యానికి ఉన్నది ఒకే అర్థం. అక్కడ మందుల చార్టు ఆ అర్థంతోనే నడుస్తుంది.

ముందు తీసేశాం

కాబట్టి ‘యూస్డ్ టు’ నేర్పలేదు. కొన్నాళ్లు దాన్ని పూర్తిగా మాన్పించాను. క్లాసులో, రికార్డింగుల్లో, లెటర్లలో ఎక్కడా వాడకూడదు. దాని స్థానంలో కావలసింది సింపుల్ ప్రెజెంట్, అదీ ‘హీ’, ‘షీ’లతో. రోజూ మందుల లిస్టు చదవడమే ప్రాక్టీసు:

“హీ టేక్స్ మెట్‌ఫార్మిన్, ఫైవ్ హండ్రెడ్ మిల్లీగ్రామ్స్, ట్వైస్ ఎ డే. హీ టేక్స్ ఆమ్లోడిపిన్ ఇన్ ద మార్నింగ్. హీ యూజెస్ ఏన్ ఇన్‌హేలర్ వెన్ హీ నీడ్స్ ఇట్. హీ స్మోక్స్. హీ లివ్స్ విత్ హిజ్ సన్.”

క్రియలు ఎక్కువ అక్కర్లేదు. టేక్స్, యూజెస్, స్మోక్స్, డ్రింక్స్, లివ్స్, వాక్స్, స్లీప్స్, నీడ్స్, హ్యాజ్. పేషెంట్ హిస్టరీలో చాలావరకు ఈ క్రియలతోనే గడిచిపోతుంది. వీటిని ‘ఎస్’తో కలిపి ఒకే మాటగా నోటికి పట్టించాం. ‘టేక్’కి ‘ఎస్’ చేర్చడం అని కాకుండా ‘హీటేక్స్’ అని ఒకే ఊపులో. రోజూ అన్న సంగతి బోసిపోకుండా ‘ఎవ్రీ డే’, ‘రెగ్యులర్లీ’, ‘యూజువల్లీ’ లాంటివి పక్కన పెట్టుకోమన్నాను. వారం తిరక్కుండానే ఆమె అంది, “ఇది చిన్న వాక్యం మేడం, తొందరగా అయిపోతుంది.” హ్యాండోవర్‌లో తొందర మంచిదే.

పెద్దవాళ్లకు వ్యాకరణం చెప్పేటప్పుడు తప్పు రూపాన్ని దిద్దడం మీద ఉన్న శ్రద్ధ, అది ఏ ఖాళీని పూడుస్తోందో చూడటం మీద ఉండదు. ఆ ఖాళీ ముందు నిండాలి. లేకపోతే ఎన్నిసార్లు దిద్దినా అదే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

మానేసినవాటికి మాత్రమే

సింపుల్ ప్రెజెంట్ నిలబడ్డాక ‘యూస్డ్ టు’ను తిరిగి తెచ్చాను, ఒకే పనికి: పేషెంట్ మానేసినవి, ఇప్పుడు లేనివి. ప్రతి వాక్యం వెనకా ‘బట్ నౌ’ అని ఒక ముక్క చేర్చాలి. ‘హీ యూస్డ్ టు స్మోక్, బట్ హీ క్విట్ ఇన్ 2015.’ ‘షీ యూస్డ్ టు వాక్ టు ద టెంపుల్ ఎవ్రీ మార్నింగ్, బట్ నౌ షీ నీడ్స్ ఎ వాకర్.’ ఆ రెండో ముక్క రాకపోతే మొదటి ముక్కకు అక్కడ పని లేదు.

ఇక్కడ తెలుగు బాగా సాయపడుతుంది. మనసులో ఉన్న తెలుగు వాక్యం ‘తాగేవాడు’, ‘నడిచేది’, ‘ఉండేది’ అని ముగిస్తే ‘యూస్డ్ టు’. ‘తాగుతాడు’, ‘తాగుతుంటాడు’ అయితే సింపుల్ ప్రెజెంట్. పెద్దాయన్ను గౌరవించి ‘తాగేవారు’ అన్నా లెక్క మారదు. ఇంకో ఉపయోగం కూడా ఉంది. లెక్కపెట్టి చెప్పేవాటికి, ఇంతకాలం అని చెప్పేవాటికి ఇంగ్లీషులో ‘యూస్డ్ టు’ పనికిరాదు. ఆమె లెటర్‌లో ‘హీ యూస్డ్ టు బీ అడ్మిటెడ్ త్రీ టైమ్స్’ అని రాసింది. దాన్ని తెలుగులో చెప్పమంటే ‘మూడుసార్లు అడ్మిట్ అయ్యాడు’ అంది, ‘అయ్యేవాడు’ అనలేదు. చెప్పిన వెంటనే తనే కొట్టేసి ‘వజ్ అడ్మిటెడ్’ అని దిద్దుకుంది. ‘ఇరవై ఏళ్లు డ్రైవరుగా పనిచేశాడు’ కూడా అంతే, ‘హీ వర్క్‌డ్ యాజ్ ఎ డ్రైవర్ ఫర్ ట్వంటీ ఇయర్స్’. ఈ విషయంలో రెండు భాషలూ ఒకే దారిలో నడుస్తాయి.

తెలుగు సాయం చేయని చోటు ‘వుడ్’. పాత అలవాట్లకు ‘హీ వుడ్ వేక్ అప్ ఎట్ ఫైవ్’ అనవచ్చు కానీ, ‘షీ వుడ్ హ్యావ్ ఆస్తమా’ అని ఉండే స్థితికి అనకూడదు. ‘షీ యూస్డ్ టు హ్యావ్ ఆస్తమా’ అనే అనాలి. తెలుగులో రెండింటికీ ఒకే ముగింపు వస్తుంది కాబట్టి తేడా చెవికి తెలియదు. పరీక్ష దగ్గర పడుతోందని ‘వుడ్’ జోలికే వెళ్లలేదు. ఆమెకు దానితో అవసరం లేదు.

తనకు అలవాటైనవి

‘బీ యూస్డ్ టు’ను పేషెంట్ల మీద కాకుండా ఆమె మీదే మొదలుపెట్టాను. బెంగళూరు వచ్చాక ఏవి అలవాటయ్యాయి, ఏవి ఇప్పటికీ కాలేదు అని అడిగాను. గడగడా వచ్చాయి. డిసెంబరు చలి అలవాటైంది. కన్నడంలో మాట్లాడటం అలవాటైంది, పేషెంట్లతో మాట్లాడక తప్పదు. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకోవడం అలవాటు కావడానికి నెలలు పట్టింది. హోటల్ సాంబారులో తీపి మాత్రం ఇప్పటికీ అలవాటు కాలేదు. కడప కారం తిన్న నాలుక, పాపం.

అవన్నీ ఇంగ్లీషులోకి వచ్చాయి: “ఐ యామ్ యూస్డ్ టు ద కోల్డ్. ఐ యామ్ యూస్డ్ టు స్పీకింగ్ కన్నడ ఎట్ వర్క్. ఇట్ టుక్ మీ మంత్స్ టు గెట్ యూస్డ్ టు స్లీపింగ్ ఇన్ ద డే. ఐ యామ్ స్టిల్ నాట్ యూస్డ్ టు స్వీట్ సాంబార్.”

క్రియ దగ్గర తడబడితే వాడమని ఒకే ఒక పరీక్ష ఇచ్చాను. ‘టు’ తర్వాత ‘ఇట్’ పెట్టి చూడాలి. ‘ఐ యామ్ యూస్డ్ టు ఇట్’ కుదురుతుంది. అంటే ఆ ‘టు’ తర్వాత వచ్చేది పేరు లాంటిది, క్రియ వస్తే ‘ఇంగ్’ తగిలించుకుని రావాలి. ‘ఐ యూస్డ్ టు ఇట్’ కుదరదు, కాబట్టి అక్కడ మామూలు క్రియే. ‘లుక్ ఫార్వర్డ్ టు’లోని ‘టు’ కూడా మొదటి రకమే. ఆమె లెటర్లన్నీ ‘లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ’ అని ముగిసేవి. ఆ పరీక్షతో అవి కూడా ‘హియరింగ్’ అయ్యాయి.

‘గెట్’ జారిపోవడానికి కారణం, మనకు ‘అలవాటవుతుంది’ ఒకటే మాట కావడం. దీన్ని నియమంగా చెప్పకుండా, ఆమె రోజులనే వాడుకున్నాం. మొదటి నెల ‘ఐ వజ్ నాట్ యూస్డ్ టు నైట్ షిఫ్ట్స్’, తర్వాత ‘ఐ వజ్ గెటింగ్ యూస్డ్ టు దెమ్’, ఇప్పుడు ‘ఐ యామ్ యూస్డ్ టు దెమ్’. మొదటిదీ మూడోదీ స్థితి, మధ్యది మార్పు. మార్పు ఉన్నచోటే ‘గెట్’. తన బతుకులోని మూడు దశలు కాబట్టి బట్టీ పట్టాల్సిన పని పడలేదు.

‘ఫెమిలియర్’కు ఎక్కువ సమయం ఇవ్వలేదు. మనిషికి వస్తువు తెలిసి ఉంటే ‘విత్’, వస్తువు మనిషికి తెలిసినట్టు ఉంటే ‘టు’: ‘ఆర్ యూ ఫెమిలియర్ విత్ దిస్ పెన్?’, ‘దిస్ నేమ్ ఈజ్ ఫెమిలియర్ టు మీ.’ పేషెంట్‌ను అడగడానికి ‘హౌ మచ్ డు యూ నో అబౌట్ ఇన్సులిన్?’ అన్నదే మేలు. జవాబు కూడా ఎక్కువ వస్తుంది. ‘బీ యూస్డ్ టు’ అర్థమే ఉన్న ‘అకస్టమ్డ్ టు’ లెటర్లో కనిపిస్తే గుర్తుపడితే చాలు.

“అలవాటైపోతుందిలే”

ఎక్కువ పని పట్టింది రోల్‌ప్లే దగ్గర. ఓఈటీ స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు, ఒక్కోటి ఐదు నిమిషాల దాకా. సందర్భం రాసి ఉన్న కార్డు చదువుకోవడానికి మూడు నిమిషాలు ఇస్తారు. పేషెంట్ పాత్ర వేసే మనిషి ఎదురుగా ఉంటారు, రికార్డింగు విని మార్కులు వేసేవాళ్లు వేరు. వ్యాకరణానికీ ఉచ్చారణకీ మార్కులుంటాయి. పేషెంట్‌తో బంధం ఎలా కలుపుకున్నారు, అతని వైపు నుంచి ఎలా ఆలోచించారు అన్నవాటికి విడిగా మార్కులుంటాయి.

నేను ఇచ్చిన కార్డు: కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టాల్సిన మధ్యవయసు మనిషి, సూదంటే భయం. పేషెంట్‌గా నేను అన్నాను, “ఐ కెనాట్ ఇంజెక్ట్ మైసెల్ఫ్ ఎవ్రీ డే.”

ఆమె వెంటనే అంది: “డోంట్ వర్రీ సర్, యూ విల్ గెట్ యూస్డ్ టు ఇట్.”

‘గెట్’ వచ్చింది, ‘ఇట్’ వచ్చింది, వ్యాకరణం పూర్తిగా సరైనది. అయినా ఆ జవాబుకు మార్కులు పోతాయి. ఎదుటి మనిషి భయం చెప్పుకుంటే, ఆ భయం ఏమిటో వినకుండానే మూత పెట్టేసింది. మన ఇళ్లలో ‘అలవాటైపోతుందిలే’ అంటే ధైర్యం చెప్పడమే. ఆ ‘లే’లో ఎంతో ఆప్యాయత ఉంటుంది, వీపు మీద చెయ్యి వేసినట్టే ఉంటుంది. ఇంగ్లీషు వాక్యంలోకి ఆ చెయ్యి రాదు. ‘నీ గోడు నాకెందుకు’ అన్నట్టు వినిపించవచ్చు.

అందుకని క్రమం మార్చాం. ముందు అడగాలి: “వాట్ వర్రీస్ యూ మోస్ట్ అబౌట్ ఇట్?” అతను చెప్పింది వినాలి. సూది నొప్పా, తప్పు డోసా, నలుగురిలో వేసుకోవడమా అన్నది తెలియాలి. తర్వాత: “మెనీ పీపుల్ ఫైండ్ ఇట్ డిఫికల్ట్ ఎట్ ఫస్ట్. ఇట్ కెన్ టేక్ ఎ లిటిల్ టైమ్ టు గెట్ యూస్డ్ టు. ఐ విల్ షో యూ, అండ్ వీ కెన్ డూ ద ఫస్ట్ వన్ టుగెదర్.” ఇక్కడ ‘గెట్ యూస్డ్ టు’ హామీ కాదు, సమయం పడుతుందని ఒప్పుకోవడం. ఈ తేడా ఆమెకు చెప్పగానే అందింది. ఎందుకంటే ఇంజెక్షన్ నేర్పడం ఆమె రోజూ చేసే పని, తెలుగులోనైతే ఆమె ఇంతకన్నా ఓపికగా చేస్తుంది.

ఇంకో కార్డులో పేషెంట్‌కు ఆపరేషన్ తర్వాత మోకాలు నొప్పి. అక్కడ కూడా ఆమె నోట అదే వాక్యం వచ్చింది. ఇక్కడ నేను గట్టిగానే చెప్పాను. నొప్పికి, ఆయాసానికి, రక్తం పోవడానికి ‘గెట్ యూస్డ్ టు’ అనకూడదు. ఊతకర్రకు అలవాటు పడమనవచ్చు, వినికిడి యంత్రానికి, కొత్త భోజనానికి, స్టోమా బ్యాగుకు (ఆపరేషన్ తర్వాత పొట్ట మీద తగిలించే సంచి) అలవాటు పడమనవచ్చు. నొప్పికి అలవాటు పడమంటే, పెరిగినా చెప్పొద్దు అన్నట్టు పేషెంట్ అనుకుంటాడు. ఏ నర్సూ అలా అనాలనుకోదు. కార్డు చదివే మూడు నిమిషాల్లోనే ఇది ఏ రకమో పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టుకోవడం అలవాటు చేశాం: వస్తువా, లక్షణమా.

బెంగళూరులో అందరి నోటా ఉండే ‘అడ్జస్ట్’ కూడా ఒకసారి వచ్చింది, ‘యూ హ్యావ్ టు అడ్జస్ట్ సర్’ అని. బస్సులో సీటు జరగమనడానికి బాగుంటుంది, పేషెంట్‌కు బాగుండదు. ‘ఇట్ టేక్స్ టైమ్ టు అడ్జస్ట్ టు ద న్యూ డోస్’ అంటే సరిపోతుంది.

చెవికి వినిపించేది

ఉచ్చారణ గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే స్పీకింగ్ మార్కుల్లో దానికీ వాటా ఉంది. ‘వాడాను’ అన్న అర్థంలో ఉన్నది ‘యూజ్డ్’, మధ్యలో గొంతు అదిరే ‘జ్’ శబ్దం. అలవాటు అర్థంలో, పాత అలవాటు అర్థంలో ఉన్నది ‘యూస్ట్’, ఆ అదురు లేదు, చివరి ‘ట్’ పక్కనున్న ‘టు’లో కలిసిపోతుంది. మాటల్లో వినిపించేది ‘యూస్‌టు’ మాత్రమే. ఈమె రెండింటినీ ‘యూజ్డ్’ అనే పలికేది. ‘హ్యావ్ యూ యూజ్డ్ ఎ గ్లూకోమీటర్ బిఫోర్?’, ‘ఆర్ యూ యూస్డ్ టు చెకింగ్ యువర్ షుగర్?’ ఈ రెండు ప్రశ్నల్ని ఒకదాని వెంట ఒకటి అడగడమే ప్రాక్టీసు. రెండూ ఒకే రోల్‌ప్లేలో నిజంగానే వస్తాయి, అందుకే ఈ జత ఎంచుకున్నాను.

‘డిడ్ యూ యూస్ టు’, ‘డిడ్ యూ యూస్డ్ టు’ చెవికి ఒకేలా వినిపిస్తాయి కాబట్టి మాటల్లో ఆ గొడవ లేదు. రాసేటప్పుడే ‘డీ’ తీసేయాలి. ఆమె లెటర్లలో అది అప్పుడప్పుడూ మిగిలిపోయేది.

ఎంత మారింది

మొదట మారింది హ్యాండోవర్. సింపుల్ ప్రెజెంట్‌లో మందుల లిస్టు చెప్పడం వార్డులో కూడా వచ్చేసిందని, ఇన్‌ఛార్జ్ సిస్టర్ ‘నీ హ్యాండోవర్ ఈమధ్య పొట్టిగా ఉంది’ అన్నారని చెప్పింది. లెటర్లలో స్మోకింగ్ హిస్టరీ తప్పడం ఆగింది. 180 నుంచి 200 మాటల లెటర్‌లో అది ఒక్క వాక్యమే, కానీ డాక్టరు వెతికే వాక్యం.

ఒత్తిడిలో పాతది తిరిగొచ్చేది. వరసగా నైట్ డ్యూటీలు చేసి వచ్చిన రోజు రికార్డింగుల్లో ‘హీ యూస్డ్ టు టేక్’ మళ్లీ కనిపించింది, ముఖ్యంగా ఫోన్‌లో డాక్టరుకు చెప్పే హ్యాండోవర్ చేయించినప్పుడు. అలాంటి రోజున కొత్తవేవీ చెప్పకుండా మందుల లిస్టు ఒక్కటే రెండు మూడుసార్లు చదివించి పంపేదాన్ని.

రెండోసారి ఓఈటీలో స్పీకింగ్ 360, రైటింగ్ 320 వచ్చాయి. ఇదంతా ‘యూస్డ్ టు’ వల్లే అని నేను అనను. లెటర్‌లో ఏ సమాచారం ఉంచాలి, ఏది వదలాలి అన్నదాని మీద కూడా గట్టిగా పనిచేశాం, రైటింగ్ మార్కులకు అదే ఎక్కువ ఉపయోగపడి ఉంటుంది. స్పీకింగ్‌లో మాత్రం పేషెంట్ మాట వినడం, ఆ తర్వాత సమయం పడుతుందని చెప్పడం, ఈ క్రమం కుదరడం వల్ల తేడా వచ్చిందని నా నమ్మకం.

ఆమె వార్డు నుంచే మరో నర్సు ఇప్పుడు చేరింది, కోలారు వైపు తెలుగు అమ్మాయి, కన్నడ మీడియం. ఆమె కూడా ప్రస్తుతం వాడే మందులకు ‘యూస్డ్ టు టేక్’ అనే అంటోంది. ఆమె కాగితాల్లో కర్తలను చుట్టి చూస్తే ‘ఐ’, ‘వీ’లతో కూడా సమానంగా వస్తోంది, ‘ఎస్’ మాత్రం ఎక్కడా తప్పడం లేదు. అంటే ఈమెది ‘ఎస్’ భయం కాదు. అందుకని ‘హీ టేక్స్’ ప్రాక్టీసుతో మొదలుపెట్టలేదు. మానేసిన మందులు, వాడుతున్న మందులు కలిపి ఉన్న కేస్ నోట్స్ ఇచ్చి, ప్రతి మందుకూ ‘ఇప్పుడు?’ అని ఎదురు ప్రశ్న వేస్తున్నాను.